పసుపు కవరు

అందరికీ నమస్కారం. నేను జర్మనీలో ఒక గ్రూప్ హోమ్‌లో పనిచేస్తున్నాను. అమ్మానాన్నలు తోడు లేకుండా దేశాలు దాటి వచ్చిన పిల్లలు మా దగ్గర ఉంటారు. 2015 ఒక్క ఏడాదిలోనే అలాంటివాళ్లు 42 వేల మందికి పైగా ఇక్కడి బాలల సంక్షేమ శాఖ సంరక్షణలోకి వచ్చారు.

ఈ పిల్లల్ని సొంత కాళ్ల మీద నిలబెట్టడం మా పని అనగానే వంట, బట్టలు ఉతుక్కోవడం నేర్పుతారా అని అడుగుతారు. మా అఫ్ఘాన్ కుర్రాడొకడు చేసే పులావు ముందు నా పులిహోర దిగదుడుపే. వాళ్లకి టెన్షన్ వంటతో కాదు, పసుపు కవరుతో. ప్రభుత్వ ఆఫీసుల నుంచి, కోర్టుల నుంచి ముఖ్యమైన ఉత్తరాలు అందులోనే వస్తాయి. పోస్ట్‌మ్యాన్ దాని మీద ఆ రోజు తేదీ వేసి డబ్బాలో పడేసి పోతాడు. ఆశ్రయం దరఖాస్తు తిరస్కరించారనుకోండి, కోర్టుకెళ్లడానికి మామూలుగా రెండు వారాలే గడువు. లెక్క ఆ తేదీ నుంచే. పరుపు కింద దాచేసినా గడువు ఆగదు.

మొదట్లో ఆ కవర్లు నేనే చింపి, నేనే చదివి, జవాబు కూడా రాసేసేదాన్ని. పని చకచకా అయిపోయేది. ఆ పులావు కుర్రాడు వేరే గదికి మారాక చూస్తే చెప్పుల డబ్బాలో మూడు కవర్లు, విప్పనివి. తప్పు నాదే, అన్నీ నేనే విప్పేస్తే వాడికి అలవాటెలా అవుతుంది? ఇప్పుడు కవరు వాళ్లే విప్పాలి, క్యాలెండర్‌లో గడువు వాళ్లే రాసుకోవాలి. నేను పక్కన కూర్చుంటాను. అరగంట పని రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

చట్టమూ తక్కువ తినలేదు. అప్రెంటిస్ పని చేసుకునే పిల్లల సంపాదనలో 2021 దాకా 75 శాతం వరకూ హోమ్ ఖర్చుల కింద తీసేసుకునేవారు. ఆ ఏడాది దాన్ని 25 శాతానికి తగ్గించారు, 2023 జనవరి నుంచి పూర్తిగా ఎత్తేశారు. అంతకుముందు, తెల్లారకుండానే బేకరీకి పోయే పిల్లాడికి పొదుపు గురించి నేను ఏ ముఖం పెట్టుకుని చెప్పానో!

18 నిండినా, అవసరముంటే 21 దాకా సాయం అడగొచ్చు. వెళ్లిపోయినవాళ్లు మళ్లీ రావడానికీ 2021 సవరణ దారి తెరిచింది. మన పిల్లలు ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చి, చారులో చింతపండు ఎంత వెయ్యాలో అమ్మకి వీడియో కాల్ చేసి అడుగుతారు. వాళ్లని ఎవరూ చేతకానివాళ్లు అనరు. ఈ పిల్లలు మాకు ఫోన్ చేస్తే మాత్రం ఇంకా నిలదొక్కుకోలేదని ఫైల్లో రాస్తాం.

పోయిన నెల ఆ చెప్పుల డబ్బా కుర్రాడు ఫోన్ చేశాడు. పసుపు కవరు వచ్చిందన్నాడు. నా గుండె గుభేలుమంది. విప్పాడట, తేదీ రాసుకున్నాడట, లాయరుకి ఫొటో కూడా పంపాడట. మరి ఫోనెందుకు చేశావన్నాను.

"హోమ్‌లో పెద్ద గిన్నె ఉంది కదా, ఆదివారం పులావుకి కావాలి. ఇస్తారా?" అన్నాడు.