1000 ల్యూమెన్ల సైకిల్ లైట్: పానగల్లు రోడ్డు మీద రాత్రి టెస్ట్

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నల్లగొండ టౌన్ దాటి పానగల్లు వైపు వచ్చాం. క్లాక్ టవర్ దగ్గర వీధి దీపాల కింద ఏ లైట్ అయినా బాగానే అనిపిస్తుంది. టెస్ట్ అంటే ఈ చీకట్లోనే చేయాలి.

ముందు బాక్స్ చూడండి. 1000 ల్యూమెన్లు (అంటే వెలుగు కొలత), 2000 ఎంఏహెచ్ బ్యాటరీ, 6 గంటలు అని రాశారు. ఈ మూడూ కలిసి నిజం కావు. లిథియం సెల్ 3.7 వోల్టులు, దాన్ని 2 ఆంపియర్ అవర్లతో, అంటే ఆ 2000 ఎంఏహెచ్‌తో గుణిస్తే 7.4 వాట్ అవర్లు. మంచి ఎల్ఈడీకి కూడా 1000 ల్యూమెన్లు ఇవ్వాలంటే 7 నుంచి 10 వాట్లు కావాలి. అంటే ఫుల్‌లో గంట వస్తే గొప్ప. ఆ 6 గంటలు తక్కువ వెలుగు మోడ్ లెక్క అన్నమాట.

సరే, ఫుల్‌లో ఆన్ చేస్తున్నా. చూశారా, ఆ వేపచెట్టు పై కొమ్మలు కూడా కనిపిస్తున్నాయి! చూడ్డానికి అదిరింది. కానీ కొమ్మలతో నాకేం పని? వెలుగు టార్చ్‌లా గుండ్రంగా ఉంటే సగం పైకే పోతుంది, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. ఇందాక ఒక బైక్ అన్న డిప్పర్ మీద డిప్పర్ కొట్టాడు, ఆయన్ని అనడానికేం లేదు. జర్మనీలో సైకిల్ లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకూడదని రూలే ఉంది. అందుకే అక్కడి లైట్ల వెలుగు పైన గీత గీసినట్టు తెగిపోతుంది.

ఇప్పుడు మూతి కిందికి వంచి మీడియంలో పెట్టా. వెలుగు ముందు 15 మీటర్ల దగ్గర పడాలి. 25 కిలోమీటర్ల స్పీడ్‌లో సెకనుకు 7 మీటర్లు పోతాం. గుంత చూసి బ్రేక్ పట్టేలోపే ఆ 7 మీటర్లు అయిపోతాయి, ఆగడానికి ఇంకో ఐదారు.

మన దగ్గర గుంతల కన్నా పెద్ద టెన్షన్ వడ్లు. కోతల టైమ్‌లో సగం రోడ్డు దాకా ఆరబోస్తారు, రాత్రికి నల్ల పట్టా కప్పి అంచున రాళ్లు పెడతారు. కల్లాలు చాలకే కదా, రైతు మాత్రం ఏం చేస్తాడు. కానీ నల్ల తారు మీద నల్ల పట్టా, ముందు చక్రం రాయికి తగిలేదాకా తెలియదు. ఈ లైట్‌కు నేను మార్కులు వేసేది ఇక్కడే. లైట్‌ను హెల్మెట్‌కు కాకుండా హ్యాండిల్‌కు పెట్టండి. కంటి కన్నా కింద నుంచి వెలుగు పడితే ప్రతి రాయి వెనకా పొడవైన నీడ కనిపిస్తుంది. రాయి కన్నా ముందు ఆ నీడే దొరుకుతుంది.

బ్లింకింగ్ మోడ్ చీకట్లో వద్దు. మనం ఎంత దూరంలో ఉన్నామో ఎదుటివాళ్లకు అంచనా దొరకదు.

రబ్బర్ పట్టీ మాత్రం దండగ. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, మూతి వాలిపోతోంది. కింద పాత ట్యూబ్ ముక్క పెట్టి బిగించాక కదలట్లేదు.

టౌన్‌లోనే తిరిగేవాళ్లకు ఇంత లైట్ అక్కర్లేదు. తిప్పర్తి, కనగల్ వైపు రాత్రిళ్లు పోయేవాళ్లు తీసుకోండి, కానీ వెనక ఎర్ర లైట్‌కు డబ్బులు పక్కన పెట్టుకున్నాకే.