పేర్లు పడకముందు

(అమలాపురంలో ఒక స్టూడియో. రికార్డింగ్ మొదలైందని కెమెరా కుర్రాడికి తప్ప ఎవరికీ తెలీదు.)

హార్మోనిస్టు: ఆత్రేయపురం నుంచి తెచ్చామంటే కాదని ఎలా అంటామండీ. ఒక్కటే. ఇంకా టైముందన్నారుగా.

ఎడిటర్: మాస్టారూ, కాలర్ మైకు పెట్టారండి మీకు. పూతరేకు విరిస్తే ఎండుటాకులు తొక్కినట్టు వినపడుద్ది.

హార్మోనిస్టు: (నోటినిండా) ఆయ్... ఏం పర్లేదు లెండి...

కెమెరా కుర్రాడు: మాస్టారూ, రన్నింగులో ఉందండి.

(హార్మోనిస్టు మీసం మీద పంచదార పొడి. టైటిల్ మ్యూజిక్.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇప్పుడు మీరు చూసింది తీసెయ్యం, అలాగే ఉంచుతాం. ఎందుకంటే ఇవాళ్టి చర్చ దాని గురించే. సిట్‌కామ్‌లలో అంటే టీవీ కామెడీ సీరియళ్లలో పేర్లు పడకముందు ఒక చిన్న సీను వస్తుంది, కోల్డ్ ఓపెన్ అంటారు. భీమవరం నుంచి వచ్చిన రచయిత్రి గారున్నారు, వెబ్ సిరీస్‌లు కట్ చేసే ఎడిటర్ ఉన్నారు, యాభై ఏళ్లు పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మాస్టారున్నారు. మేడమ్, అసలెందుకొచ్చిందిది?

రచయిత్రి: రిమోట్ భయంతో వచ్చిందండి. అమెరికాలో అరగంట స్లాటంటే యాడ్లు పోగా మిగిలేది ఇరవై రెండు నిమిషాలు. ముందు ప్రోగ్రామ్ అయిపోగానే చూసేవాడి చెయ్యి రిమోట్ మీదికి పోద్ది. పాట, పేర్లు మొదలెడితే వాడు వెళ్లిపోతాడు. అందుకని ముందే నవ్వించి కూర్చోబెడతారు. యాడ్లే లేని బీబీసీలో చూడండి. 1975లో వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’, మొత్తం పన్నెండే ఎపిసోడ్లు, నేరుగా పేర్లతోనే మొదలవుద్ది. కాకపోతే ఆ హోటల్ బోర్డు మీద అక్షరాలు తారుమారు చేసి నవ్వక్కడే పెట్టారు, అది వేరే సంగతి.

ఎడిటర్: యాడ్ల కోసం పుట్టినా అక్కడే ఆగలేదు కదండీ. 1982లో ‘చీర్స్’ మొదలైంది. బోస్టన్‌లో ఒక బారు. ఎవరో తలుపు తోసుకొస్తారు, ఒక మాట, దానికో జవాబు, అంతే, పాట. చాలాసార్లు ఆ ముక్కకీ తర్వాత కథకీ చుట్టరికమే ఉండదు. పదకొండేళ్లు నడిచింది. ఎడిటర్‌గా నాకు కనపడేదేంటంటే, ఆ జోకు బలం జోకులో లేదు. పాట ఎక్కడ అందుకుందో అక్కడుంది.

హార్మోనిస్టు: ఇది నాకు తెలుసండి! పద్యం ఆఖరి పాదం మీద నటుడు రాగం తీసి వదుల్తాడు చూడండి, వదిలీ వదలకుండానే హార్మోనియం పెట్టె అందుకోవాలి. అరక్షణం ఆలస్యమైతే వన్స్‌మోర్ పోయిందన్నమాటే. తొందరపడితే నటుడు కొడతాడు. నిజంగానే కొడతాడండి, తెర వెనక.

(నవ్వులు.)

ఎడిటర్: అదేనండి. ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ అనే పోలీస్ కామెడీలో ఒకటుంది, 2018లో వచ్చింది. హంతకుడి మొహం చూడలేదు, బార్లో పాటతో గొంతు కలపడం మాత్రం విన్నానంటుంది సాక్షి. పోలీసాయన అనుమానితులందర్నీ వరసగా నిలబెట్టి బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ పాట పాడిస్తాడు. పాట కుదిరేసరికి ఊపొచ్చి తనూ పాడేస్తాడు. మనమూ ఊగిపోతాం. అప్పుడా అమ్మాయి, మా తమ్ముణ్ణి చంపింది అయిదో నంబరువాడే అంటుంది. అయ్యో, ఆ సంగతే మర్చిపోయానంటాడీయన. కట్. ఇంకో రెండు సెకన్లుంచితే ఆ పిల్ల ఏడుపు చూడాల్సొచ్చేది. నవ్వు చచ్చిపోయేది.

వ్యాఖ్యాత: కథకి సంబంధం ఉండాలా, వద్దా?

రచయిత్రి: ‘ది ఆఫీస్’ అమెరికా వెర్షన్‌లో 2009లో వచ్చినవే రెండు చెప్తాను. ఒకటి సూపర్ బౌల్, అంటే అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ రోజున, ఫిబ్రవరి 1న, మ్యాచ్ అవగానే వేశారు. డ్వైట్ అనే ఉద్యోగి, నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో చెప్తే ఎవరూ వినట్లేదని, తనే ఆఫీసులో మంట పెట్టి తలుపులు బిగించేస్తాడు. జనం సీలింగులోకి ఎగబాకుతారు, ఒకాయనకి గుండెపోటొస్తుంది. అక్కణ్ణించే ఎపిసోడంతా.

ఎడిటర్: అద్భుతం కదండీ అది.

రచయిత్రి: బాగుంటుంది. కానీ ఆ రాత్రి మ్యాచ్ కోసం కూర్చున్న కొత్త జనం కోసం చేసిన హడావిడి అది. తీర్థంలో మైకు సెట్టు లాంటిది. నాకు రెండోదే ఇష్టం. కెవిన్ అని ఒక లావుపాటాయన, లెక్కలు చూసే మనిషి. ఏడాదికోసారైనా చిల్లీ అని మాంసం, చిక్కుళ్లు వేసి వండే కూర ఆఫీసుకి తెస్తాడు. రాత్రంతా ఎలా చేశాడో వెనక గొంతు మురిసిపోతూ చెప్తుంటుంది. తెర మీద ఆ గిన్నె జారి కార్పెట్ మీద పడుద్ది. ఆయన చేతికందిన కాయితాలతో ఎత్తుకుంటూ, అందులోనే జారి పడుతూ... గొంతు మాత్రం మురిసిపోతూనే ఉంటుంది. కథకి దీంతో పనిలేదు. తీసేస్తే ఏమీ తగ్గదు, కెవిన్ తప్ప. ఇందాక మాస్టారి పూతరేకు కూడా అంతే. చర్చకి సంబంధం లేదు, మాస్టారెవరో తెలిసిపోయింది.

హార్మోనిస్టు: (మీసం తడుముకుంటూ) ఇంకా ఉందా అండీ?

వ్యాఖ్యాత: ఉందండీ. మనవైపు ఇలాంటిదేమైనా...

హార్మోనిస్టు: తోలుబొమ్మలాట ఉందిగా! కాకినాడ దగ్గర మాధవపట్నం వాళ్లు ఆడతారు. రామాయణమే కానీండి, భారతమే కానీండి, కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా అని నవ్వించే బొమ్మలు దూరిపోయి తిట్టుకుంటారు. కథతో వాళ్లకేం పనండీ?

రచయిత్రి: అన్నీ వేదాల్లోనే ఉన్నాయిష అనకండి మాస్టారూ. కేతిగాడు రాత్రంతా మధ్యమధ్యలో వస్తాడు. ఇది ఒక్కసారే, అదీ పేర్లకి ముందు.

హార్మోనిస్టు: మా ఊళ్లో మొదటే వచ్చేవాడండి. నేను చూశాను.

ఎడిటర్: తెలుగు సిట్‌కామంటే ‘అమృతం’ గుర్తొస్తుంది అందరికీ. 2001 నుంచి 2007 దాకా, ఆదివారం రాత్రి జెమినీలో. దాని టైటిల్ పాట మా ఇంట్లో గంట కొట్టినట్టు. పాట వినపడగానే అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేది, పక్కింటివాళ్లు గేటు తీసేవాళ్లు. పాటకి ముందు సీను వేస్తే అమ్మ చూడకుండా పోయేది కదా?

రచయిత్రి: ఈ కోణం నాకు తట్టలేదు. అంటే టీవీ ముందున్నవాణ్ణి పట్టుకోవడానికి సీను, వేరే గదిలో ఉన్నవాణ్ణి పిలవడానికి పాట.

ఎడిటర్: ఇప్పుడు పక్కగది లేదండి, ఫోను చేతిలోనే ఉంటుంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ ఇంట్రో దాటేసే మీట పెట్టింది. పాట దాటేస్తారు, సీను దాటెయ్యరు. నా దగ్గరికొచ్చే సిరీస్‌లలో టైటిల్ అయిదు సెకన్లే. మాస్టారి పెట్టెకి పనిలేదు.

హార్మోనిస్టు: బానే ఉంది.

వ్యాఖ్యాత: చివరగా ఒక్క ప్రశ్న. ఎంతసేపుండాలి ఆ సీను?

ఎడిటర్: నిమిషం. మహా అయితే రెండు.

రచయిత్రి: ఇంకొకటి చెప్తే బాగుణ్ణనిపించేదాకా.

హార్మోనిస్టు: మా కేతిగాడికి గడియారం లేదండి. అవతలి గట్టు జనం రేవు దాటించే పంటు మీద రావాలి. వాళ్లు దిగి, కాళ్లు కడుక్కుని, చాపలేసుకునేదాకా వాడు తిడుతూనే ఉండాలి.

వ్యాఖ్యాత: పంటు రాకపోతే?

హార్మోనిస్టు: ఒకసారి రాలేదండి, గోదారి పోటు మీదుండి. ఆ రాత్రి రాముడు పెట్టెలోనే ఉండిపోయాడు.