ఫిల్టర్ బెడ్ టెండర్: కట్టేవాడే నడపాలా?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కార్పొరేటర్లున్నారు, ఇంజినీర్లున్నారు, కాలేజీ పిల్లలూ ఉన్నారు. అందుకే కాంక్రీటు లెక్కల జోలికి పోకుండా టెండర్ కాగితం గురించే మాట్లాడతాను.

వరంగల్‌లో ఫిల్టర్ బెడ్, అంటే తాగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, తెలియనివారుండరు. అక్కడికొచ్చే నీళ్లే ఏడాదంతా ఒక్క తీరుగా ఉండవు. వానాకాలం కాకతీయ కాలువలో ఎర్రనీళ్లొస్తే పటిక ఎక్కువ పడుతుంది. ఎండాకాలం చెరువు తగ్గాక బురద పోరు ఉండదు, పాచి పోరు మొదలవుతుంది. ఇసుక పొర మూసుకుపోయి మాటిమాటికీ కడగాల్సి వస్తుంది.

వెనుకట ప్రభుత్వ శాఖే ప్లాంటు డిజైన్ గీసి, ఐటెమ్ రేట్ల మీద, అంటే ఒక్కో పనికి ఇంత అని, టెండర్ పిలిచేది. తప్పు జరిగితే అదీ మనదే. తర్వాత ఈపీసీ పద్ధతి వచ్చింది. మొత్తానికి ఒక్క ధర, డిజైన్ కాంట్రాక్టరుదే. పని తొందరగా అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ లెస్సుకు, అంటే అంచనా కంటే తక్కువకు, కోట్ చేసినవాడు రేపటి కరెంటు బిల్లు గురించి ఆలోచిస్తాడా? నేను చూసిన ఒక ప్లాంటులో బురద వదిలే వాల్వును గోడకు జానెడు దూరంలో బిగించారు. తిప్పుదామంటే చెయ్యి దూరదు. డ్రాయింగులో మాత్రం చక్కగా ఉంది! పదేళ్లు తానే నడపాలని తెలిస్తే అక్కడ పెట్టేవాడు కాదు.

అందుకే నా ఓటు డీబీఓ (డిజైన్-బిల్డ్-ఆపరేట్) పద్ధతికి. డిజైన్, కట్టడం, ఏళ్లపాటు నడపడం ఒక్కరిదే. గంగ ప్రక్షాళనలో మురుగునీటి ప్లాంట్లకు ఇంకో అడుగు ముందుకేశారు. ఖర్చులో 40 శాతం కట్టేటప్పుడు, మిగతా 60 శాతం 15 ఏళ్లలో వాయిదాలుగా ఇస్తారు. అయితే ఆ మిగతాదానికి కాంట్రాక్టరు తెచ్చే అప్పు వడ్డీ చివరికి మన నెత్తినే పడుతుంది. కార్పొరేషన్ చేతిలో గ్రాంటు ఉన్నప్పుడు ఆ దారి ఎందుకు?

డీబీఓకూ ఒక మెలిక ఉంది. వచ్చే నీళ్లు ఎంత మురికిగా ఉండొచ్చో టెండర్‌లో రాయకపోతే, భయపడ్డవాడు ధర పెంచేస్తాడు, తెగించినవాడు తక్కువకు వేసి మొదటి వానకే తగాదాకు దిగుతాడు. బిడ్లు పోల్చేటప్పుడు కట్టుబడి ధరతోపాటు పటిక, కరెంటు ఖర్చూ కలపండి. నీటి పరీక్ష మాత్రం కార్పొరేషన్ ల్యాబ్‌లోనే జరగాలి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం మడ్డితనం 1 ఎన్‌టీయూ (నీటి మసకను కొలిచే యూనిట్) దాటకూడదు, మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఆ అంకె తప్పిన రోజు బిల్లు కోయాలి. కాంట్రాక్టరు రాసుకున్న రిజిస్టరు చూసి సంతకం పెట్టేపనైతే ఈ పద్ధతి జోలికే పోవద్దు.

ఇంజినీర్లకు ఒక్క పని చెబుతాను. ఈసారి కాలువకు నీళ్లొదిలిన రోజు నుంచి రోజుకో సీసా పట్టి పరీక్ష రాసిపెట్టండి. ఏడాది తిరిగాక ఆ రిజిస్టరు పట్టుకొని రండి, టెండర్ రాయడానికి నేనూ కూర్చుంటాను.