డిసెంబరు 25 ఎవరి పుట్టినరోజు?

(తెరపై: పాత రోమన్ పంచాంగపు పుట)

క్రీ.శ. 354లో రోము నగరంలో ఫిలోకలస్ అనే లేఖకుడు, వాలెంటినస్ అనే క్రైస్తవుడి కోసం ఒక పంచాంగ గ్రంథాన్ని సిద్ధం చేశాడు. అందులో డిసెంబరు 25 ఎదుట ‘అజేయుని జన్మదినం’ అనీ, ఆనాడు 30 రథపు పందేలనీ ఉంది. ఆ అజేయుడు సూర్యదేవుడేనని చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తారు. అదే గ్రంథంలోని హతసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి) జాబితా, అదే తేదీన క్రీస్తు యూదయ బేత్లెహేములో జన్మించాడని చెబుతోంది. ఒకే అట్టల మధ్య రెండు జన్మదినాలున్నాయి కనుక ఏది ముందన్న తగవు నేటికీ తెగలేదు.

క్రీ.శ. 274లో ఆరేలియన్ చక్రవర్తి సూర్యుడికి రోములో గుడి కట్టించాడు కాబట్టి చర్చి ఆ పండుగనే తనదిగా మార్చుకుందని ఒక వాదం. అయితే ఆ గుడి డిసెంబరు 25నే ప్రారంభమైందని ఆనాటి ఆధారమేదీ చెప్పదు. మరో వాదం లెక్కల మీద నిలిచింది: క్రీస్తు సిలువ మరణం మార్చి 25న జరిగిందని క్రీ.శ. 200 ప్రాంతపు క్రైస్తవ రచయిత టెర్టూలియన్ లెక్కగట్టాడు, గర్భంలో పడిన రోజు కూడా అదేనని తర్వాత బిషప్ అగస్టీన్ రాశాడు, దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25 వస్తుంది. నాకు ఈ రెండో వాదమే కొంత బలంగా తోస్తుంది, కాని అదీ తిరుగులేనిది కాదు.

(తెరపై: ఎద్దును వధిస్తున్న మిత్రాస్ శిల్పం)

క్రీస్తు కథ రోమన్లు కొలిచిన మిత్రాస్ అనే దేవుడి నుంచి అరువు తెచ్చిందేనంటూ, మిత్రాస్ కన్యకు పుట్టాడనీ, ఆయనకు పన్నెండుగురు శిష్యులనీ మనకు తరచూ వినిపించే మాటలకు మాత్రం ఆధారం లేదు. ఆ మతం గ్రంథాలేవీ దక్కలేదు. దక్కిన శిల్పాల్లో ఆయన బండరాతిని చీల్చుకుని పుడతాడు, చుట్టూ కనిపించే పన్నెండు బొమ్మలు మేషం మొదలు మీనం దాకా ఉన్న రాశులే. నిజమైన పోలిక ఒకటుంది: మిత్రాస్ దీక్షలోనూ రొట్టె, నీటి పాత్ర వాడతారని క్రీ.శ. 155 ప్రాంతంలో జస్టిన్ అనే రచయిత రాశాడు. అలా ఎత్తిచూపినవాడు క్రైస్తవుడే కావడం గమనార్హం. పైగా రొట్టె, పాత్ర పంచుకునే క్రైస్తవుల ప్రభురాత్రి భోజనాన్ని దయ్యాలే అనుకరించాయని ఆయన ఫిర్యాదు.

(తెరపై: కిరణాలతో రథారూఢుడి మొజాయిక్)

కథల సంగతి ఎలా ఉన్నా, బొమ్మల్లో మాత్రం అరువు కళ్లకు కడుతుంది. వాటికన్‌లో పేతురు దేవాలయం అడుగునున్న శ్మశానంలో, ఒక సమాధి పైకప్పు మీద, తల చుట్టూ కిరణాలతో రథమెక్కిన మూర్తి ఉంది. గోడలపై క్రైస్తవ చిహ్నాలైన బైబిలు ప్రవక్త యోనా, జాలరి, గొర్రెల కాపరి ఉండటం వల్ల పండితులు ఎక్కువమంది ఈ మూర్తిని క్రీస్తుగానే గుర్తిస్తారు. మలాకీ గ్రంథంలోని ‘నీతి సూర్యుడు’ అన్న మాట తెలుగు బైబిలు చదివేవారికి కొత్త కాదు. ఆ మాటకు రూపమివ్వదలచిన రోమన్ చిత్రకారుడికి తన ఊరి సూర్యదేవుడే నమూనాగా దొరికాడు.

నాలుగో శతాబ్దంలో దేవాలయం కట్టడానికి ఆ శ్మశానాన్ని మట్టితో పూడ్చారు. మరో శతాబ్దానికి, ఆ దేవాలయపు మెట్లెక్కే విశ్వాసులు వెనుదిరిగి ఉదయిస్తున్న సూర్యుడికి తల వంచుతున్నారని పోపు మొదటి లియో ఒక క్రిస్మస్ ప్రసంగంలో మందలించాడు.