రేసింగ్ గేమ్‌లో గేర్లు మీరే మార్చండి

[తెర మీద: ఫోర్జా హొరైజన్ 5, డిఫికల్టీ సెట్టింగ్స్]

నమస్తే ఫ్రెండ్స్, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడ షిఫ్టింగ్ అనే ఆప్షన్ చూడండి. ఆటోమేటిక్, మాన్యువల్, మాన్యువల్ విత్ క్లచ్. చాలామంది మొదటిరోజు ఆటోమేటిక్‌లో పెట్టేసి మళ్లీ దాని జోలికి పోరు. ఈ రోజు దాన్ని మారుద్దాం.

ఆటోమేటిక్ మోడ్ ఇంజిన్ ఆర్‌పీఎమ్, అంటే నిమిషానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూస్తుంది, కారు స్పీడు చూస్తుంది. ముందున్న మలుపు దానికి తెలీదు. మీకు కనపడుతోంది కదా! అందుకే ఆ గేరు మీ చేతిలో ఉండాలంటున్నాను.

[తెర మీద: హెయిర్‌పిన్ మలుపు, స్లో మోషన్‌లో]

హెయిర్‌పిన్ అంటే దాదాపు వెనక్కి తిరిగే మలుపు. దీని మధ్యలో యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఆటోమేటిక్ మూడో గేరు వేసేసింది. చక్రాలకు పవర్ ఒక్క క్షణం తెగి మళ్లీ అందింది, ఆ కుదుపుకి కారు లైను తప్పింది. మలుపు దాటి ఫుల్‌గా తొక్కితే మళ్లీ రెండుకి దిగింది. ఈలోగా వెనకవాడు దాటిపోయాడు.

ఇప్పుడు మాన్యువల్‌లో. బ్రేక్ తొక్కుతూ నాలుగు, మూడు, రెండు. రెండులోనే ఉంచండి, తొందరపడొద్దు. స్టీరింగ్ తిన్నగా అయ్యాక మూడు. కారు ఎంత నిలకడగా బయటికొచ్చిందో చూడండి!

సాలూరు ఘాట్ దిగే లోడు లారీలను గమనించారా? డ్రైవరు బ్రేక్ ఒక్కదాన్నే నమ్ముకోడు, చిన్న గేర్లో వేసి ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతాడు. గేమ్‌లోనూ ఈ ఇంజిన్ బ్రేకింగ్ పనిచేస్తుంది. కానీ స్పీడు తగ్గకముందే ఆరు నుంచి రెండుకి టకటకా దించేస్తే వెనక చక్రాలు పట్టేసి కారు గిర్రున తిరుగుతుంది. ఒక్కో గేరుకీ ఇంజిన్ శబ్దం కాస్త దిగేదాకా ఆగండి. మీటరు ముల్లు కంటే మీ చెవిని నమ్మండి, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో మామూలుగా బి నొక్కితే పై గేరు, ఎక్స్ నొక్కితే కింది గేరు. క్లచ్ మోడ్‌లో ఎల్‌బీ, అంటే పైన ఎడమవైపు బటన్, కూడా కలపాలి. గేరు ఇంకా త్వరగా పడుతుంది, నిజమే. కానీ మాన్యువల్ చేతికి అలవాటు కాకముందే దాంట్లోకి దూకొద్దు. అసలు రేసు కార్లే క్లచ్ పెడల్ పనిని తగ్గించేశాయి. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో గేర్లు మార్చే ఫార్ములా వన్ కారు ఫెరారీ 640, 1989 బ్రెజిల్ గ్రాండ్ ప్రీలో డ్రైవర్ నైజెల్ మాన్సెల్ చేతిలో తొలి రేసే గెలిచింది.

[తెర మీద: ట్యూనింగ్, గేరింగ్ పేజీ]

మాన్యువల్ అలవాటయ్యాక ఇక్కడికి రండి. ఫైనల్ డ్రైవ్ అంటే అన్ని గేర్లకీ కలిపి పనిచేసే ఆఖరి గేరు నిష్పత్తి. ఆ అంకె పెంచితే పికప్ పెరుగుతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది. మలుపులెక్కువున్న ట్రాక్‌కి కొంచెం పెంచండి. ట్రాక్‌లో అన్నిటికంటే పొడవైన స్ట్రెయిట్ చివర, బ్రేక్ కొట్టే చోటుకి ఆఖరి గేర్లో రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం గీత) దగ్గరికి చేరుతున్నారంటే ఆ అంకె సరిపోయినట్టే. రెడ్‌లైన్ ముందే తగులుతుంటే ఒక్క మెట్టు తగ్గించి, ఇంకో ల్యాప్ వేసి చూడండి.