జత కాదు, గుంపు

అందరికీ నమస్కారం. చెన్నై కొళత్తూరు రంగుచేపల దుకాణాల్లో మనవాళ్ళని ఇట్టే పోల్చుకోవచ్చు. "అన్నా, ఒక జత ఇవ్వు" అంటారు. పావురాలకి ఆ లెక్క చెల్లుతుంది, నియాన్ టెట్రా అనే చిన్న రంగుచేపకి చెల్లదు. నేనూ ఒక జతే తెచ్చాను. వారం రోజులు మొక్క వెనకే దాక్కున్నాయి. "దాచుకోవడానికా డబ్బు పోసి కొన్నది?" అంది మా ఆవిడ.

ఈ చేపల పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. అంగుళంన్నర లోపు ప్రాణి, పెద్ద చేపకి ఒక్క గుటక. గుంపులో గోవిందయ్య అని మనం వెటకారంగా అంటామే, దానికి అదే ప్రాణరక్ష. అన్నీ ఒకేలా మెరుస్తూ కదిలితే దేన్ని పట్టాలో వేటాడేదానికి అంతుపట్టదు. తోడు లేకపోతే బెదురు, ఆ బెదురుకి రంగు వెలుస్తుంది. ఆరుకి తగ్గొద్దంటారు. నేనైతే పది అంటాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి చాలు, సుమారు 55 లీటర్లు పడుతుంది. గుండ్రటి గాజు గిన్నె మాత్రం వద్దు, వాటికి బారుగా ఈదే చోటు కావాలి. అన్నట్టు, తెల్లవారుజామున లైటు వేయగానే పాలిపోయి కనిపిస్తే హడలిపోకండి. చీకట్లో వాటి రంగు తగ్గడం మామూలే.

ఇక మన చెన్నై సంగతి. అమెజాన్ నీళ్ళలో ఉప్పులు తక్కువ, కాస్త పులుపు గుణం. మన బోరు నీళ్ళు పోస్తే చాలు, పంపుకే తెల్లగా పొర కడుతుంది. పైగా నియాన్‌కి 26 డిగ్రీలు దాటితే ఇబ్బంది, మే నెలలో మన హాల్లో తొట్టి 30 దాటుతుంది. ఆర్వో నీళ్ళు కలపండి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి అని చెప్పగలను. కానీ మొదటిసారి పెంచేవాళ్ళకి నా సలహా జీబ్రా డానియో. మన ఉపఖండపు చేపే. 1822లో గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని వర్ణించాడు. ఉప్పులు ఎక్కువున్న మన నీళ్ళనీ ఎండనీ నియాన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. దీనికీ గుంపు కావాల్సిందే.

తొట్టి కొన్నరోజే చేపలు కొనకండి. వాటి విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో స్థిరపడాలి. అవి పెరిగేందుకు చిటికెడు మేత వేస్తూ, చేపలు లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. ఒకసారి శుభ్రం పేరుతో ఆ స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద రుద్ది కడిగాను. ఆ సూక్ష్మజీవులు చచ్చి, నాలుగు రోజుల్లో పది చేపల్లో ఏడు పోయాయి. ఇప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండుతున్నాను.

చేపలు ఇంటికి తెచ్చాక సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి, వలతో వదలండి. ఆ సంచిలో నీళ్ళు తులసి కోటలో పోసినా ఫర్వాలేదు, తొట్టిలో మాత్రం వద్దు.