బ్రెయిలీ చదివేది వేలు, పని మాత్రం తల వెనక!

(దృశ్యం: అనంతపురం దగ్గర ఒక పల్లె. అరుగు మీద విత్తనానికి బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలుస్తున్న చేతులు.)

ఈ పెద్దమ్మ చేతులు చూడండి. పక్కింటామెతో మాట్లాడుతూనే ఉంది, చేట వైపు చూడనే లేదు. గింజ లేని లొట్టకాయ తగిలితే చాలు, వేళ్లే పక్కన పడేస్తున్నాయి.

ఈ స్పర్శ కబురు మెదడులో నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక పట్టీకి చేరుతుంది. చూపు కబురు వెళ్లేది తల వెనక భాగానికి. మరి పుట్టుకతోనే చూపు లేకపోతే ఆ వెనక భాగం ఏం చేస్తుంది?

(దృశ్యం: బ్రెయిలీ పేజీ మీద కదిలే చూపుడువేలు.)

బ్రెయిలీ అంటే చూపు లేనివాళ్లు వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి. దాని ఒక్కో గడిలో 6 చుక్కల చోటు ఉంటుంది. తెలుగు 'అ'కు ఒక్క చుక్క, 'క'కు రెండు. చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు ఇది చదువుతుంటే 'సదాతో' అనే శాస్త్రవేత్త బృందం వాళ్ల మెదడు స్కాన్ తీసింది. చూపు భాగం చురుగ్గా పనిచేస్తోంది! 1996 నాటి మాట ఇది.

ఊరికే మెరిసిందేమో అంటారా? నాకూ అదే అనుమానం వచ్చింది. మరుసటి ఏడాదే కోహెన్ బృందం తల వెనక అయస్కాంత తాకిడితో ఆ భాగాన్ని క్షణకాలం తికమక పెట్టింది. చదివేవాళ్లు తడబడ్డారు. కొందరికి లేని చుక్కలు తగిలాయి. చూపున్నవాళ్లు ఉబ్బెత్తు అక్షరాలు తడుముతుండగా అదే చేస్తే తేడా రాలేదు.

2000లో వచ్చిన ఒక కేసైతే నన్ను వదల్లేదు. పుట్టుకతో చూపు లేని ఒకామె బ్రెయిలీ బాగా చదివేది. స్ట్రోక్ వచ్చి తల వెనక రెండు పక్కలా దెబ్బతింది. చుక్కలు వేలికి తగులుతూనే ఉన్నాయి. అక్షరం మాత్రం తెలియడం లేదు.

(దృశ్యం: ఎండిన కాలువ, పక్కన కంది చేను.)

హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్లు రాని ఏడు మన రైతు వరిమడిలో కందో కొర్రో వేస్తాడు కదా, అలాంటిదే ఇది. చిన్నతనంలోనే చూపు పోయినవాళ్లలో ఈ మార్పు బలంగా ఉంటుంది. 'దేవుడు కళ్లు తీసుకుని వేళ్లకిచ్చాడు' అంటారు గానీ, నాకా మాట నచ్చదు. గంటల తరబడి సాధన చేసింది ఆ పిల్లలు!

ఇంకో ప్రయోగం వినండి. చూపున్నవాళ్లకు 5 రోజులు రాత్రింబవళ్లు గంతలు కట్టి బ్రెయిలీ నేర్పారు. ఐదో రోజుకు వాళ్ల చూపు భాగం కూడా స్పర్శకు స్పందించింది. ఇంత తొందరగా అంటే, దారి ముందే ఉండి ఉండాలి, పూడిపోయిన పిల్లకాలువలాగా. గంతలు విప్పిన 24 గంటలకు చూస్తే ఆ స్పందన లేదు.

(దృశ్యం: మళ్లీ అరుగు. పెద్దమ్మ చేట దులుపుతోంది.)